మగపులి 350 కిలోలా? కాటా మీద ఆ మాట నిలవదు

కొన్నాళ్లుగా వాట్సాప్‌లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. "ఉత్తరాది మగపులి మామూలుగానే 350 కిలోలు తూగుతుంది, రికార్డు 389. దక్షిణాది పులి 150 దాటదు" అని దాని సారం. నల్లమల అంచు ఊళ్లలో ఉండే మా బంధువులే దీన్ని పంపుతుంటే ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు ఆ 389 సంగతి. అది కల్పించిన అంకె కాదు. 1967లో డేవిడ్ హాసింగర్ అనే అమెరికన్ వేటగాడు ఉత్తర భారతంలో కొట్టిన పులి 388.7 కిలోలు తూగిందని రికార్డుకెక్కింది. దాని దేహం వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియానికి చేరింది. అయితే చావడానికి ముందే అది ఒక గేదెను చంపి ఈడ్చుకుపోయింది. పులి ఒక్క విడతలో 30, 40 కిలోల మాంసం కూడా తినగలదు. కడుపు బరువు ఎంత తీసేసినా అది మహాకాయమే, కాదనను. కానీ అలాంటి ఒక్కదాన్ని చూపించి "మామూలుగానే" అంటే ఎలా?

మామూలు లెక్క కావాలంటే బ్రిటిష్ కాలంలో మధ్య భారతంలోని సెంట్రల్ ప్రావిన్సెస్ అటవీ అధికారి డన్‌బార్ బ్రాండర్ రాసింది చూడాలి. ఆయన లెక్కలో 42 మగపులుల సగటు సుమారు 190 కిలోలు. బెంగాల్‌లోని కూచ్ బిహార్ మహారాజు వేట లెక్కల్లో సగటు 209 దాకా ఉంది. హిమాలయాల దిగువన, నేపాల్‌లోని చిత్వాన్ అడవిలో తూచిన భారీ మగపులి 261 కిలోలు. 350 వీటిలో ఎక్కడా లేదు.

ఇక దక్షిణాది పులి. కర్ణాటకలోని నాగరహొళె అడవిలో పులుల శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ రేడియో కాలర్లు (జాడ తెలిపే మెడపట్టీలు) కట్టిన మగపులులు 200 కిలోలకు పైనే తూగాయి. అంటే మధ్య భారతం సగటు కన్నా ఎక్కువ. తూచినవి కొన్నే కాబట్టి దక్షిణాదివే పెద్దవని నేను అనను. "150 దాటదు" అన్న మాట తప్పనడానికి మాత్రం అవి చాలు.

పొడవుల విషయంలోనూ ఇదే గందరగోళం. ముక్కు దగ్గరొక మేకు, తోక చివరొక మేకు పాతి మధ్య దూరం కొలవడం ఒక పద్ధతి. టేపును వెన్ను వంపుల మీదుగా పరచడం ఇంకోటి. రెండో పద్ధతిలో అదే పులి కొన్ని అంగుళాలు పెరుగుతుంది. 1930లో జిమ్ కార్బెట్ కొట్టిన పొవల్‌గఢ్ పులి 10 అడుగుల 7 అంగుళాలన్నది వంపుల మీదుగా కొలిచిన లెక్క. దాన్ని మేకుల లెక్క పక్కన పెట్టి పోల్చకూడదు. ఫొటోల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు: మోకాలెత్తున కట్టిన కెమెరాకు దగ్గరగా నడిచే పులి ఏదైనా ఏనుగంత కనిపిస్తుంది.

నిజమైన తేడా ఒకటుంది, ఆ పోస్టులో అదే లేదు. సుందర్బన్స్‌లో తూచిన ఆడపులులు 80 కిలోలు దాటలేదు. బ్రాండర్ లెక్కలో ఆడపులి సగటు 130 కిలోలు. సుందర్బన్స్ ఉప్పునీటి మడ అడవి, దొరికేది చుక్కల జింక, అడవిపంది లాంటి చిన్న వేట. అక్కడ గౌర్ (అడవిదున్న) లాంటి భారీ జంతువులు లేవు. తేడాను ఉత్తరం, దక్షిణం అని గీత గీసి కాకుండా ఏ అడవిలో ఏం దొరుకుతుందో చూసి వెతకాలి.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటే, పులికి మత్తు సూది వేసే ముందు పశువైద్యుడు దాని బరువును కంటితోనే అంచనా వేయాలి. మందు మోతాదు ఆ అంచనా మీదే ఆధారపడుతుంది. 200 కిలోల పులిని 350 అనుకుంటే దాని ఊపిరికే ముప్పు.