ఐటీఐనా, డిగ్రీనా: చంద్రగిరిలో ఒక ఇంటి పంచాయితీ

(చంద్రగిరి. పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం. పిల్లోడికి 600కి 418 వచ్చాయి. ఎగిరి గంతేసే మార్కులూ కావు, తల పట్టుకునే మార్కులూ కావు. ఇళ్ళల్లో రచ్చ పెట్టేవి సరిగ్గా ఇలాంటి మార్కులే. మేనమామకి పాకాల రోడ్డులో బోరు మోటార్ల వైండింగ్ షాపు ఉంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివి, కొన్నాళ్ళు కంపెనీలో చేసి, తర్వాత సొంతంగా పెట్టుకున్నాడు. మేనత్త ఎస్వీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ పీహెచ్‌డీ, తిరుపతిలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తుంది. పిల్లోడి అమ్మానాన్నలు వినేవాళ్ళు. పిల్లోడు క్రికెట్టుకి పోయాడు. వాణ్ణి ఎవరూ అడగలేదు, మన ఇళ్ళల్లో ఇది మామూలే.)

మేనమామ: నేను తిప్పి తిప్పి చెప్పను. రెండేళ్ళు ఐటీఐ, ఎలక్ట్రీషియన్ ట్రేడు. ఆపైన ఒక ఏడాది అప్రెంటిస్, స్టైపెండు ఇస్తారు. పందొమ్మిదేళ్ళు వచ్చేసరికి వాడి చేతిలో పని ఉంటాది. నువ్వు చెప్పే దారిలో పోతే ఇంటరు రెండేళ్ళు, డిగ్రీ మూడేళ్ళో నాలుగేళ్ళో. అది అయినాక మళ్ళీ నా షాపు కాడికే వచ్చి, 'మామా, యాడన్నా పని చూడు' అంటాడు.

మేనత్త: పందొమ్మిదేళ్ళకి పని దొరుకుతుంది, నేను కాదన్లేదు. నలభై ఏళ్ళకి వాడు ఏ పనిలో ఉంటాడో అది చెప్పు బావా. గ్రూప్-2 రాయాలంటే డిగ్రీ కావాల. ఎస్సై రాయాలన్నా, బ్యాంకులో పీవో రాయాలన్నా డిగ్రీ ఉండాల్సిందే. పదహారేళ్ళ పిల్లోడికి ఇన్ని తలుపులు మూసేసి, పని చూపించాను అంటే ఎట్లా?

మేనమామ: ఆ తలుపుల ముందర ఎంతమంది నిలబడి ఉండారో చూసినావా? తిరుపతిలో కోచింగ్ సెంటర్ల మెట్ల మీద కూర్చోని ఉండే పిలకాయల్ని నేను రోజూ చూస్తా ఉండా. వాళ్ళంతా నీ డిగ్రీ వాళ్ళే. మా తలుపులు కూడా ఉండాయి మరదలా. 2019లో సచివాలయాలు పెట్టినప్పుడు ఎనర్జీ అసిస్టెంటు పోస్టులు వేసినారు, అంటే జూనియర్ లైన్‌మెన్. పదో తరగతి, పైన ఐటీఐ ఎలక్ట్రికలో వైర్‌మెనో ఉండాల. మా బ్యాచీలోళ్ళ పిలకాయలు స్తంభం ఎక్కి చూపించి ఉద్యోగం తెచ్చుకున్నారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి పో, బీఏ, బీకాం పట్టుకోని పోతే తీసుకోరు. ఐటీఐ కావాల, లేదంటే డిప్లొమా, ఇంజనీరింగ్.

మేనత్త: ఒప్పుకుంటా. ఆ నోటిఫికేషన్లు ఎన్నేళ్ళకి ఒకసారి వస్తాయో కూడా చెప్పు.

మేనమామ: నీ గ్రూప్-2 ఏటా వస్తాదా?

(ఇక్కడ పిల్లోడి తండ్రి నవ్వాడు. ఈ ఒక్క ముక్క మీద ఇద్దరూ సమానమేనని నాకూ అనిపించింది. ప్రభుత్వ ఉద్యోగాన్ని లెక్కలోకి తెచ్చినప్పుడల్లా మన వాదనలు లాటరీ టికెట్ల బేరంలాగా తయారవుతాయి.)

మేనత్త: సరే, సర్కారు ఉద్యోగం పక్కన పెడదాం. ప్రైవేటు చూద్దాం. శ్రీసిటీ ఫ్యాక్టరీలు అంటావు, అంతేగా?

మేనమామ: అంటా. ఎందుకనకూడదు? సత్యవేడు పక్కన ఒకప్పుడు ఏముండింది? ఇప్పుడు ఇసుజు వాళ్ళు బండ్లు చేస్తా ఉండారు, ఆల్‌స్టోమ్ వాళ్ళు మెట్రో రైలు పెట్టెలు, డైకిన్, బ్లూస్టార్ వాళ్ళు ఏసీలు. ఇటు కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు. ఇన్ని మిషన్లకి మెయింటెనెన్స్ ఎవరు చేస్తారు? చరిత్ర చదివినోళ్ళా?

మేనత్త: మెయింటెనెన్స్‌లో పర్మనెంటు ఎంతమంది, కాంట్రాక్టరు బస్సెక్కి వచ్చేవాళ్ళు ఎంతమంది? నేను ఏ కంపెనీ పేరూ చెప్పను. మా స్టూడెంటు ఒకతని తమ్ముడు ఐటీఐ ఫిట్టర్. ట్రైనీగా తీసుకున్నారు, టైమైపోగానే పంపించేశారు. ఇంకో కంపెనీలో మళ్ళీ ట్రైనీ. పేరు మాత్రం మారుతుంది, ఒకచోట ట్రైనీ అంటారు, ఒకచోట అప్రెంటిస్ అంటారు. పని అదే, జీతం అదే పదిహేను వేల చిల్లర. నైట్ షిఫ్టు చేసొచ్చి గదిలో ఐదుగురితో పడుకుంటాడు. సూపర్‌వైజర్ కావాలంటే డిప్లొమా అడుగుతారు, ఆ పైన బీటెక్.

మేనమామ: కాంట్రాక్టు అంటే గుర్తొచ్చింది. పీహెచ్‌డీ చేసిన లెక్చరరమ్మ గారిది పర్మనెంటేనా?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లోడి అమ్మ 'ఏం మాటలన్నా అవి' అని అన్నని కసిరింది.)

మేనత్త: ఉండు వదినా, అననీ. కాంట్రాక్టే. ఏటా జూన్‌లో రెన్యువల్ ఆర్డరు కోసం చూసేదాన్నే. అందుకే చెప్తున్నా, కాంట్రాక్టు అంటే ఏందో నాకు తెలుసు. కానీ ఒక తేడా ఉంది. నన్ను తీసేస్తే నేను ట్యూషన్ చెప్పుకోగలను, ఇంకో కాలేజీకి పోగలను, బ్యాంకు పరీక్ష రాసే పిల్లలకి ఎకనామిక్స్ చెప్పగలను. ఆ ఫిట్టర్ పిల్లోడు నేర్చుకుంది ఒక లైనులో ఒక మిషను. లైను మారితే వాడు మళ్ళీ సున్నా నుంచి మొదలుపెట్టాల.

మేనమామ: సున్నా అని ఎవరు చెప్పినారు నీకు? మా షాపుకి రా ఒకరోజు. కాలిపోయిన మోటారు విప్పితే ముందు వాసన తగులుతాది. పాత తీగని వెంటనే కోసెయ్యకూడదు. ఒక్కో కాయిల్‌లో ఎన్ని చుట్లు, తీగ ఏ గేజి, ఏ స్లాటులో మొదలై ఏ స్లాటులో దిగింది, అంతా లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోవాల. రాసుకోకుండా కోసేస్తే ఆ మోటారు పనికిరాదు, ఇనపసామానోడికి వేసుకోవాల్సిందే. కొత్త తీగ చుట్టినాక నీళ్ళలో పెట్టి, ఇన్సులేషన్ చూసే మీటరు, మెగ్గర్‌తో చూస్తాం. ఇన్సులేషన్ ఎక్కడన్నా చిట్లిందంటే ముల్లు చెప్పేస్తాది. ఈ పని తెలిసినోడు సబ్‌మెర్సిబుల్ కాకుంటే మిక్సీ మోటారు చుడతాడు, అదీ కాకుంటే ఫ్యాక్టరీలో పెద్ద మోటారు. దీంట్లో సున్నా ఎక్కడుంది?

మేనత్త: ఆ నోటుబుక్కు ఎవరి దగ్గరుంటుంది బావా?

మేనమామ: నా కాడ.

మేనత్త: నీ దగ్గర ఇద్దరు పిల్లోళ్ళు ఎన్నాళ్ళ నుంచో చేస్తున్నారు. చుట్లు లెక్కపెట్టడం వచ్చు వాళ్ళకి. కానీ నోటుబుక్కులో లేని మోటారు వస్తే, ఈ హార్స్‌పవర్‌కి ఇంత గేజి, ఇన్ని చుట్లు అని లెక్క కట్టగలరా? నువ్వు కడతావు. ఎందుకంటే నీకు ఐటీఐలో ఎవరో ఒక సారు లెక్కతో సహా నేర్పించాడు. నేను డిగ్రీ డిగ్రీ అంటున్నది ఆ లెక్క కోసమే. చేతి పని తక్కువదని నేనేనాడూ అనలేదు.

మేనమామ: అదే కదా నేను మొత్తుకునేది! వాళ్ళిద్దరూ ఐటీఐ చదవలేదు, ఊరికే చేరినోళ్ళు. ఐటీఐలో థియరీ ఉంటాది, డ్రాయింగ్ ఉంటాది, లెక్కలుంటాయి.

మేనత్త: ఉంటాయి, చెప్పేవాళ్ళుంటే. రేకుల షెడ్డులో రెండు స్విచ్ బోర్డులు బిగించి ఐటీఐ అని బోర్డు పెట్టినవి నువ్వు చూడలేదా?

మేనమామ: చూసినా. అటెండెన్స్ లేకుండా సర్టిఫికెట్ ఇచ్చేవి కూడా చూసినా. అట్లాంటి దాంట్లో చేర్చేదానికంటే వాణ్ణి క్రికెట్టు ఆడుకోనీ. నేను చెప్పేది గవర్నమెంటు ఐటీఐ. కానీ నీ డిగ్రీలో కూడా ఆ రేకుల షెడ్డు ఉండాది. 2020 నుంచి డిగ్రీలో ఇంటర్న్‌షిప్పు పెట్టినారు కదా? ఒక బీఎస్సీ పిల్లోడు మా షాపుకొచ్చి, 'అన్నా, మీ దగ్గర రెండు నెలలు చేసినట్టు సీలేసి ఇవ్వు' అన్నాడు. చెయ్యి నల్లగా కావాలంట్రా అంటే మళ్ళీ రాలేదు.

మేనత్త: (నవ్వుతూ) వాడు మా కాలేజీ కాకపోతే చాలు.

మేనమామ: ఇంకోటి. మీరే పాఠం చెప్తారు కదా, కేంద్రం వేసే కార్మిక సర్వే, అదేందో పీఎల్ఎఫ్ఎస్. చదువు పెరిగేకొద్దీ నిరుద్యోగం ఎక్కువని అందులోనే ఉందంట?

మేనత్త: ఉంది. నేనే క్లాసులో చెప్తా. కానీ దాన్ని ఎట్లా చదవాలో కూడా చెప్తా. చదువు లేనోడు ఖాళీగా కూర్చోలేడు బావా. పూట గడవదు కాబట్టి కూలికి పోతాడు, బొప్పాయిలు కోసేదానికి పోతాడు. సర్వే వాణ్ణి పని ఉన్నోడి కింద రాసుకుంటుంది. డిగ్రీ చదివినోడు ఇంట్లో కాస్త తిండి ఉంది కాబట్టి, మంచి పని కోసం ఆగుతాడు. వాడు నిరుద్యోగి కింద పడతాడు. ఆ అంకె చూసి చదువు దండగ అనేస్తే, కూలి మేలు అన్నట్టే.

(ఈ ముక్కకి మేనమామ దగ్గర జవాబు లేదు. 'ఆగేదానికి కూడా తిండుండాల కదా, వీళ్ళ నాయన ఎన్నేళ్ళు పెడతాడు' అని మాత్రం అన్నాడు. అది జవాబు కాకపోవచ్చు గానీ, ఆ ఇంట్లో అసలు ప్రశ్న అదే.)

మేనత్త: ఇంకొక సంగతి చెప్తా విను. 1953లో మన చిత్తూరు జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు అప్పటి ముఖ్యమంత్రి రాజాజీ ఒక స్కీము తెచ్చాడు. పల్లెటూరి బడుల్లో పిల్లలు కొన్ని గంటలే చదవాల, మిగతా టైములో అమ్మానాన్నలు చేసే పని నేర్చుకోవాల. కుమ్మరోళ్ళ పిల్లోడు కుండలు, చాకలోళ్ళ పిల్లోడు బట్టలు. కులవిద్య స్కీమని జనం తిరగబడ్డారు. మరుసటేడు రాజాజీ దిగిపోయాక, కొత్త ముఖ్యమంత్రి కామరాజ్ దాన్ని తీసిపారేశాడు. అదే 1954లో తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ వచ్చింది. మా నాయన లాంటోళ్ళు కులం పని వదిలి ఆఫీసు కుర్చీలో కూర్చున్నారంటే ఆ యూనివర్సిటీ వల్ల. అందుకే 'పేదోళ్ళ పిల్లలకి చేతి పని చాలు' అని ఎవరన్నా అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

మేనమామ: మండాల్సిందే. కానీ నేను ఆ మాట అనలేదే. రాజాజీ స్కీములో నాయన పని కొడుకు చెయ్యాల. ఐటీఐలో ఎవరి నాయన పని ఎవరు చేస్తా ఉండారు? నా బ్యాచీలో నా పక్కన నిలబడి ఫైలింగ్ చేసినోడు పూజారి కొడుకు, ఇటు పక్కనోడు మాలపల్లి పిల్లోడు. ఎలక్ట్రీషియన్‌కి కులం లేదు. ఇనప ముక్కని రుద్ది, ట్రైస్క్వేర్ పెట్టి వెలుతురుకెత్తితే, సందులో వెలుగు కనిపించిందా, సారు ఎవరి కొడుకునైనా మళ్ళీ రుద్దమనేవాడు.

మేనత్త: సరే, బాగుంది. మరి నీ కూతురు బీటెక్‌లో ఎందుకుంది?

(పిల్లోడి తండ్రి కాఫీ గ్లాసు కింద పెట్టాడు.)

మేనమామ: దానికి ర్యాంకొచ్చింది.

మేనత్త: ర్యాంకు రాకపోయుంటే ఐటీఐలో చేర్పించేవాడివా?

మేనమామ: ... డిగ్రీలో చేర్పించేవాణ్ణి.

మేనత్త: రేపు దానికి సంబంధం చూసేటప్పుడు ఐటీఐ చదివిన పిల్లోణ్ణి చూస్తావా?

మేనమామ: నా పెళ్ళప్పుడు మా మామ ఏమడిగినాడో తెలుసా? 'షాపు సొంతందా, బాడుగదా' అని. చదువు అడగలేదు.

మేనత్త: నేనడిగింది నీ గురించి కాదు.

మేనమామ: చూడను. నిజం చెప్పాలంటే చూడను. చూస్తే మీ అక్క నన్ను ఇంట్లోకి రానీదు. కానీ ఆ తప్పు ఐటీఐదా, మనదా?

మేనత్త: మనదే. కానీ పిల్లోడు బతకాల్సింది మన మధ్యనే కదా బావా.

(పాలిటెక్నిక్ మాట ఎందుకు రాలేదని మీకు అనుమానం రావచ్చు. వచ్చింది. పాలిసెట్‌కి అప్లయి చెయ్యలేదు, వదిలేశారు. మూడేళ్ళ డిప్లొమా, ఆపైన ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలోకి నేరుగా చేరే వీలుంది. ఇద్దరికీ నచ్చే దారి అదొక్కటే. ఫారం నింపే రోజున ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.)

మేనత్త: సరే, ఐటీఐకే పంపించండి. కానీ నావి రెండు షరతులు. ఒకటి, చేర్చే ముందు వర్క్‌షాపు చూడాల. ఎన్ని మిషన్లు ఉన్నాయని అడగొద్దు, ఎన్నిటికి కరెంటు కనెక్షన్ ఉందో అడుగు. ఎలక్ట్రీషియన్ సారు ఉన్నాడా, పోస్టు ఖాళీయా అది కూడా.

మేనమామ: అది నేను చూసుకుంటా. వాళ్ళ పాత సారు నాకు తెలుసు.

మేనత్త: రెండోది, ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టించాల. ఐటీఐ చదువుతూనే. రేపు వాడికి డిగ్రీ చెయ్యాలనిపిస్తే ఇంటర్ లేదని ఆగిపోకూడదు.

మేనమామ: కట్టిస్తాం. ఫీజు నేనే కడతా, పో.

మేనత్త: ఫీజు గురించి కాదు నా బాధ. ఐటీఐ వదిలాక సాయంత్రం నీ షాపులో కూర్చోబెట్టుకుంటావు, నాకు తెలుసు. కూర్చోబెట్టుకో. పరీక్షలప్పుడు మాత్రం వదిలెయ్యాల.

మేనమామ: అదెంత పని. సీజను కాకుంటే నెల రోజులైనా వదిలేస్తా.

మేనత్త: ఓపెన్ ఇంటర్ పరీక్షలు మార్చిలో పెడతారు బావా.

మేనమామ: మార్చిలోనా? బోర్లన్నీ కాలేది అప్పుడే కదా! ఇంకో నెలలో పెట్టరా?