మా వీధి తవ్వకాల శాస్త్రం

పురావస్తు తవ్వకాలు నేర్చుకునేవాళ్లకి మొదటి రోజే ఒక మాట చెప్తారు. తవ్వడమంటే చెరపడమే, ఒకసారి తవ్వేసిన చోటుని మళ్లీ తవ్వలేం, అందుకే అన్నీ అప్పటికప్పుడే రాసుకోవాలి అని. పాపం, ఈ మాట అన్నవాళ్లెవరూ ఒడిశా గజపతి జిల్లాలో ఆంధ్రా బోర్డరుని ఆనుకున్న మా వీధికి వచ్చినట్టు లేరు. ఒకే చోటుని ఏటా తవ్వొచ్చని, పూసలూ పెంకులూ దొరక్కపోయినా బిల్లు మాత్రం ప్రతిసారీ దొరుకుతుందని మేం ఎప్పుడో నిరూపించేశాం.

1944లో మన పురావస్తు శాఖకి అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్, గుంటకీ గుంటకీ మధ్య మట్టిగట్టు వదలమన్నాడు, పొరలు నిలువునా కనబడాలని. మావాళ్లూ వదుల్తారు, గుమ్మానికొక జానెడు.

1973లో ఎడ్వర్డ్ హారిస్ ఇంకాస్త ముందుకెళ్లి, ఏ పొర ముందు ఏది వెనక అని గళ్ల పటం వేసే పద్ధతి కనిపెట్టాడు. అందులో నాకు నచ్చింది ఏంటంటే, మట్టికే కాదు, గొయ్యికి కూడా నంబరుంటుంది. మా వీధికి ఆ పటం వేసి చూశాను. పైన తారు, తారుని కోసిన కేబుల్ గొయ్యి, ఆ గొయ్యిని కోసిన మంచినీళ్ల గొయ్యి, పూడ్చిన మట్టిలో గుట్కా ప్యాకెట్లు, కింద మళ్లీ ఇంకో తారు. ప్యాకెట్ మీద తేదీ ఉంటుంది కదా, పూడ్చింది ఆ తర్వాతే అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు.

ఇప్పుడంతా డిజిటల్. సూపర్‌వైజరు ట్యాబ్‌తో ఫొటో తీస్తే అక్షాంశ రేఖాంశాలు దశాంశం తర్వాత ఆరంకెల దాకా పడతాయి, అంటే ఇంచుమించు 11 సెంటీమీటర్ల లెక్క. ట్యాబ్‌లో జీపీఎస్ మాత్రం కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది, కాబట్టి మా గొయ్యి చాలా కచ్చితంగా పక్కింటి వంటింట్లో ఉంది.

తుర్కియేలోని చాతల్‌హొయుక్‌లో తవ్వించిన ఇయాన్ హొడర్, అర్థం చెప్పడం తాపీ అంచు దగ్గరే మొదలవ్వాలన్నాడు. మా దగ్గర పార అంచున ఒక తాత ఉన్నాడు, కూలికొచ్చాడు. రెండు పార్లు వేసి ఆగి, "బాబూ, మట్టి వొదులుగా తగుల్తంది, ఇక్కడ ముందే ఎవులో తవ్వీసినారు, కింద గొట్టం ఉంటాది" అన్నాడు. పాత గొయ్యిని పట్టుకోవడానికి ఏ చదువైనా నేర్పేది ఇదే. సూపర్‌వైజరు ట్యాబ్‌లో వెతికాడు. మట్టి రకం: మెత్త, గట్టి, రాయి. వదులు లేదు, తాత ఏమన్నాడో రాసే గడి అసలే లేదు. మెత్త అని నొక్కాడు. జేసీబీ పళ్లు దిగాయి, నీళ్లు డాబా ఎత్తు లేచాయి.

పైపు పగిలిన సంగతి రికార్డులోకి ఎక్కలేదు. తప్పుపట్టలేం, పక్క గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున అశోకుడి శాసనాలు చెక్కిన జౌగడ ఉంది. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని అశోకుడే ఒప్పుకున్న 13వ శాసనం వేరేచోట్ల ఉంది గానీ, యుద్ధం జరిగిన కళింగలోనే ఉన్న అక్కడా, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ చెక్కించలేదు. దెబ్బ తగిలిన చోట దెబ్బ సంగతి రాయకపోవడం ఈ వైపు పాత పద్ధతే.

సాయంత్రానికి "పని పూర్తయింది" అని ఫొటో ఎక్కించారు. అందులో ఓ మూల, పగిలిన పైపు దగ్గర బిందె పట్టుకుని ఎదురింటి పిన్ని కూడా పడింది. కింద 'లబ్ధిదారు' అని రాశారు.