అన్నకో అక్రోటు చెక్క

రాయలసీమ సమస్యలేంటని అడిగితే అందరూ నీళ్ళు, వలసలు, వేరుశనగ ధర అంటారు. ఉన్నోళ్ళ బాధలు ఎవరికీ పట్టవు. కడపలో ఓ మోస్తరు పలుకుబడి ఉన్న అన్న ఒకాయన ముచ్చటపడి జోడు గొట్టాల రైఫిల్ చేయించుకుందామనుకుంటే, దాని మడమకు, అంటే చేత్తో పట్టుకుని భుజానికి ఆనించే చెక్క భాగానికి, అక్రోటు చెక్క ఎలా ఎంచుకోవాలో చెప్పే దిక్కు లేదు జిల్లాలో. ఆ బాధ్యత నేను నెత్తికెత్తుకుంటున్నా.

ముందు రైఫిల్ సంగతి. దీన్ని మన ఊళ్ళలో కనిపించే డబుల్ బ్యారెల్ తుపాకీతో ఒకే గాటన కడితే అన్నకు కోపం వస్తుంది. ఇందులో 470 నైట్రో ఎక్స్‌ప్రెస్ లాంటి తూటా వేస్తారు, గుండే 32 గ్రాములు. ఆఫ్రికాలో మీదికొచ్చే ఏనుగును ఆపడానికి పుట్టిన సరుకు. 1835 నాటి హాలండ్ అండ్ హాలండ్ లాంటి లండన్ కంపెనీలు చేయించుకునేవాడి కొలతలు తీసుకుని మరీ చేస్తాయి. మన లంకమల అడవిలో పేరు మోసిన జీవి ఏదంటే కలివికోడి, అంతరించిందనుకున్నాక 1986లో మళ్ళీ దొరికిన జానెడు పైచిలుకు పిట్ట. దానికి 32 గ్రాములంటే కొంచెం ఎక్కువే. పైగా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట నేరం, చేను తవ్విపోసే అడవిపందిని కూడా ఇష్టమొచ్చినట్టు కాల్చడానికి లేదు. సరే, ఇవన్నీ చిల్లర విషయాలు. అసలు విషయం చెక్క.

సంతలో ఎద్దును బేరం చేసేటప్పుడు ఒంటి నిగారింపు చూసి మోసపోకూడదు, పళ్ళు పట్టి చూడాలి. ఇక్కడా అంతే. అమ్మేవాడు దుమ్ముకొట్టుకున్న పలకను తడిగుడ్డతో ఒక్కసారి తుడుస్తాడు, అప్పటిదాకా బూడిదరంగులో పడి ఉన్నది కాస్తా తేనెరంగు తేలి, మధ్యలో నల్లచారలు మెలికలు తిరుగుతూ పైకి వస్తాయి, అన్న కళ్ళు అక్కడే అతుక్కుపోతాయి. అతుక్కోకూడదు. చూడాల్సింది చేతితో చుట్టి పట్టుకునే సన్నటి మెడ వచ్చే చోటు. మడమ మొత్తంలో చెక్క అక్కడే పలచన, వెనక్కి తన్నే దెబ్బంతా అక్కణ్ణుంచే భుజానికి చేరాలి. అక్కడ చెక్క గీతలు మెడ వంపు వెంబడే సాగాలి, మధ్యలోనే పక్కకు దిగిపోతే ఎంత ఖరీదైన చెక్కయినా పుటుక్కుమంటుంది. వెనక భుజానికి ఆనే వెడల్పు భాగంలో మాత్రం ఎన్ని సుళ్ళున్నా ఇబ్బంది లేదు. అంటే బరువు మోసేది సాదాగా ఉండాలి, వెనకాల ఉండేది సోకు చేసుకోవచ్చు. అన్న వెంట తిరిగే కార్లను చూసినవాళ్ళకు ఈ సూత్రం విడమరిచి చెప్పక్కర్లేదు.

తర్వాత ఆరబెట్టడం. కొసలకు మైనం పూశారో లేదో చూసుకోవాలి, లేకపోతే అవే ముందుగా ఆరి పగుళ్ళిస్తాయి. కోసిన పలక నీడన ఏళ్ళ తరబడి ఆరాలి. అప్పుడప్పుడు తూకం వేస్తూ, బరువు తగ్గడం ఆగేదాకా ఉలి ముట్టకూడదు. మే నెలలో మిద్దె మీద పడేస్తే వారంలో ఆరిపోదా అని అన్న ప్రశ్న. ఆరుతుంది, మెలి కూడా తిరుగుతుంది. ఇంకోటి, లండన్ చలికీ తేమకూ అలవాటుపడిన చెక్క మన ఎండకు కుంచించుకుపోతుంది, ఇనుముకూ దానికీ మధ్య వెంట్రుకవాసి సందు వచ్చినా దెబ్బ ఒకేచోట పడి చీలే ప్రమాదం ఉంది. కాబట్టి తుపాకీ కంటే ముందు చెక్కకు కడప అలవాటు చెయ్యాలని నా సలహా.

అలా టర్కీ పలక ఒకటి వచ్చింది. శేషాచలం ఎర్రచందనం దొంగదారిన సముద్రం దాటుతుంటే ఇది బిల్లుతో సహా దాటి వచ్చింది, ఎగుమతి దిగుమతుల లెక్క సరిపోయింది. ముసలి వడ్రంగి దాన్ని అటూ ఇటూ తిప్పి, “ఇంత దుడ్డు పెట్టినావు, గడపకు కూడా చాలదు కదా నాయనా” అన్నాడు. నల్లతుమ్మ అయితే ఏ దెబ్బకైనా తట్టుకుంటుందని కూడా అన్నాడు. అన్న జవాబివ్వలేదు. తుమ్మ చెక్కను ఇంటికొచ్చినవాళ్ళకు ఏమని చూపిస్తాడు?

ఇక లైసెన్స్. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత మనిషికి రెండు తుపాకులకు మించి కుదరదు, అన్నకు రెండూ ఉన్నాయి. ఒకటి తాతగారిది, వదలడు. రెండోది ప్రాణభయం ఉందని రాసిచ్చి తీసుకున్నది, దాన్ని తిరిగిచ్చేస్తే ఇప్పుడు చంపాలనుకునేంత శత్రువులెవరూ లేరని ఒప్పుకున్నట్టవుతుంది, జిల్లాలో అంతకంటే పరువు తక్కువ ఏముంది? పోనీ మూడోది ఎలాగో వచ్చిందనుకుందాం. ఎన్నికలు రాగానే తుపాకులు స్టేషన్‌లో అప్పగించమంటారు, అక్కడ బీరువాలో తేమ ఎంతుందో చూసే కానిస్టేబుల్ ఎక్కడ దొరుకుతాడు?

అందుకని ప్రస్తుతానికి అన్న దగ్గర చెక్క మాత్రమే ఉంది. ఉత్త చెక్కకు లైసెన్స్ అక్కర్లేదు. హాల్లో టీవీ పక్కన పెట్టుకుని, వచ్చిన ప్రతివాడికీ తడిగుడ్డతో తుడిచి ఆ చారలు చూపిస్తున్నాడు. నెలనెలా తూకం వేస్తున్నా బరువు ఎందుకు తగ్గట్లేదని నిన్న నాకు ఫోన్ చేశాడు.