కాఫీపొడి కొట్టులోనా, కొరియర్‌లోనా?

ఇంట్లో కాఫీ పెట్టుకునేవాళ్లకి కావలసిన సరంజామా, అంటే గింజలు, పొడి, ఫిల్టరు, చేతిమర, మోకా పాట్ (పొయ్యి మీద ఆవిరి ఒత్తిడితో కాఫీ దించే గిన్నె) రింగు లాంటివి, విశాఖలో కొట్టుకి వెళ్లి కొనాలా, ఫోన్లో తెప్పించుకోవాలా అన్నది మా ఇంట్లో తెగని పేచీ. మామూలుగా పెద్దవాళ్లు కొట్టంటారు, పిల్లలు ఫోనంటారు. మాకు తిరగబడింది. పోర్టులో పనిచేసి రిటైరైన మావయ్య కొట్టు గడప తొక్కడం మానేశారు. రుషికొండలో ఐటీ ఉద్యోగం చేసే మా చెల్లి మాత్రం నెలనెలా కొట్టుకి వెళ్లి, కళ్లెదుట పొడి పట్టించుకుని వస్తుంది. ఇద్దరి మాటలూ ఇక్కడ పెడుతున్నాను. నా మొగ్గు చెల్లి వైపే. అలాగని అడిగినదానికి జవాబు చెప్పని కొట్టుని వెనకేసుకు రావడం నావల్ల కాదు.

మావయ్య: నేను ఊరికే మానలేదమ్మా. ఏళ్ల తరబడి ఒకే కొట్లో కొన్నాను, పేరెందుకులే. "చికోరీ వద్దు, ఉత్త కాఫీ" అని వెళ్లినప్పుడల్లా చెప్పేవాణ్ణి. (చికోరీ అంటే వేయించి కాఫీలో కలిపే ఓ మొక్క వేరు.) ఓ రోజు డికాక్షను మరీ నల్లగా, చిక్కగా దిగింది. అనుమానమొచ్చి గ్లాసుతో చన్నీళ్లు పెట్టి, పైన చెంచాడు పొడి చల్లాను. కాఫీ అయితే తేలుతుంది. చికోరీ అయితే కిందకి దిగిపోతూ రంగు చారలు వదులుతుంది. నేను చూస్తుండగానే గ్లాసు అడుగుదాకా చారలు.

చెల్లి: కొట్టాయన్ని అడిగారా మరి?

మావయ్య: అడక్కేం! పొట్లం పట్టుకునే వెళ్లాను. "మా దగ్గర అలాంటివి జరగవు సార్, మీ పాలు ఎలాంటివో చూసుకోండి" అన్నాడు. నేనడిగింది డికాక్షను గురించి, ఆయన చెప్పింది పాల గురించి. చేతిలో బిల్లు లేదు, ఇంకేం మాట్లాడతాను? తిరిగొచ్చేశాను.

చెల్లి: అది మర వల్ల కూడా అయ్యుండొచ్చు మావయ్యా. కొన్ని కొట్లలో చికోరీని గింజలతో పాటే మరలో పోసేస్తారు. మీ ముందు వచ్చినాయన చికోరీ కలిపించుకుని వెళ్తే ఆ పొడి కొంత లోపలే ఉండిపోతుంది. తరవాత పట్టించుకున్నవాళ్ల పొట్లంలో ముందు పడేది అదే. అందుకే నేను వెళ్లగానే, నా గింజలే గుప్పెడు వేసి తిప్పి అది పక్కన పడేయమంటాను. ఆ గుప్పెడు నష్టం నాదే. ఆయన ఏమీ అనుకోడు.

మావయ్య: మరలో మిగిలిన పొడికి నీళ్లకి అంత రంగు రాదు. పోనీ, నువ్వన్నదే నిజమనుకో. ఆ ముక్క ఆయన నోటి నుంచి రావాలి కదా? "మర దులపలేదు సార్, మళ్లీ పట్టిస్తాను" అని ఉంటే ఇవాళ్టికీ అక్కడికే వెళ్లేవాణ్ణి. ఉత్త కాఫీకి డబ్బు తీసుకుని, కాదేమోనన్న అనుమానంతో ఇంటికి పంపితే ఎలా?

(దీనికి చెల్లి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. పొడి తేడా రావడం కన్నా, అడిగిన మనిషిని అబద్ధాలకోరులా చూడటమే కొట్టుకి ఎక్కువ చేటు.)

మావయ్య: ప్యాకెట్‌లో ఆ బాధ లేదు. కాఫీ ఎంత శాతమో, చికోరీ ఎంత శాతమో పైన అచ్చు వేయాలని ఆహార భద్రతా నిబంధన. కలిపిన పొడిలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు. తేడా వస్తే నిలదీయడానికి కాగితం మీద అంకె ఉంది.

చెల్లి: ఆ అంకె నిజాయితీగానే ఉంటుంది, కాదనను. కాని చవక ప్యాకెట్లు తిప్పి చూడండి. కాఫీ 53, చికోరీ 47 అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది. అంటే దాదాపు సగం కాఫీ కాదు, చికోరీ వేరు పొడి. వేయించిన చికోరీ వేరులో కెఫీన్ ఉండదు, రంగూ చిక్కదనమూ ఇస్తుంది. తెలిసి కొనుక్కుంటే తప్పు లేదు. పెద్ద అక్షరాల్లో కాఫీ అని ఉందని మొత్తం కాఫీయే అనుకుని కొనేవాళ్ల సంగతేంటి? మా కొట్లో చికోరీ ఇరవై శాతం వేయమంటే నా ఎదురుగానే తూచి వేస్తాడు. నేను కళ్లతో చూస్తాను.

మావయ్య: నువ్వు నిలబడి చూస్తావు. ఫోన్ చేసి "పొట్లం పంపవయ్యా" అనేవాళ్లు ఎలా చూస్తారు? సరే, అది వదిలెయ్. గింజలు ఎప్పుడు వేయించారో చెప్పాడా?

చెల్లి: చెప్పలేదు. అంటే... నేను అడగలేదు.

మావయ్య: అదీ! ఊళ్లో ఎంతమంది సొంతంగా వేయిస్తున్నారు? వేయించిన గింజలు బస్తాల్లో వస్తాయి, డబ్బాల్లో పోస్తారు. ఆ డబ్బా మూత పొద్దస్తమానం తీస్తూ వేస్తూ ఉంటారు. మనది సముద్రం ఒడ్డు. ఉప్పు జాడీ మూత తీసి ఉంచితేనే చెమ్మగిల్లే ఊరు. వేయించిన గింజ గాలి తగిలితే వాసన పోగొట్టుకుంటుంది, చెమ్మ తగిలితే ఇంకా త్వరగా పాడవుతుంది. నేను తెప్పించుకునే గింజల సంచీకి చిన్న వాల్వు ఉంటుంది. గింజల్లోంచి వచ్చే గ్యాసు బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. పైన వేయించిన తేదీ ఉంటుంది. వారం దాటి నెల లోపు అయితే నాకు సరిపోతుంది.

చెల్లి: అది గింజలు కొని ఇంట్లో పట్టుకునేవాళ్ల సంగతి. పొడి తెప్పించుకునేవాళ్ల గతేంటి? గింజలు కొన్ని వారాలు ఆగుతాయి, పొడి అలా ఆగదు. పట్టిన కొన్ని రోజుల్లోనే సువాసన సగం ఎగిరిపోతుంది. పార్శిల్‌లో వచ్చే పొడి సంచీల మీద చాలా వాటికి ప్యాక్ చేసిన నెల, ఫలానా తేదీలోగా వాడాలన్న గడువు, అంతే. వేయించినదెప్పుడు? పట్టినదెప్పుడు? కొట్టాయన్ని అడగలేదని నన్నన్నారు. ఆ కంపెనీని మీరైనా ఎలా అడుగుతారు?

మావయ్య: గింజలే కొనాలని అందుకే అంటున్నాను.

చెల్లి: చేతిమరలో ఒక విడతకి పట్టేది ఇరవై, పాతిక గ్రాములు. పొద్దున్న ఇంట్లో అయిదుగురికి రెండేసి గ్లాసులు కావాలి. తిప్పేది ఎవరు? మీరు పేపరు చదువుతుంటే తిప్పేది అత్తయ్యే కదా! ఆవిడని అడిగి చూడండి, ఆవిడ ఓటు కొట్టుకో, కొరియర్‌కో తెలుస్తుంది.

(అత్తయ్య లోపల్నుంచే "ఎలక్ట్రిక్‌ది కొనమన్నాను, వినలేదు" అన్నారు. మావయ్య వినిపించుకోలేదు.)

చెల్లి: అసలు విషయానికి వస్తాను. నేను కొట్టుకి ఎందుకు వెళ్తానంటే, పొడి ఎంత మెత్తగా పట్టాలన్నది అక్కడ తేలుతుంది. నాకు పార్శిల్‌లో ఓసారి ఫిల్టరు కాఫీ పొడి అనే వచ్చింది. మరీ మెత్తన. రాత్రి వేస్తే తెల్లారేసరికి అడుగున నాలుగు చెంచాలు దిగింది, చిల్లులన్నీ పూడుకుపోయి పైన బురదే. వాపసు అడిగితే తినే సరుకు వెనక్కి తీసుకోబోమన్నారు. ఈ కొట్టాయన మొదటిసారి నా ఫిల్టరు తెచ్చి చూపించమన్నాడు. వెలుతురుకి ఎత్తి చిల్లులు చూశాడు. మర బిగించి కొంచెం పట్టి, పొడిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి నా వేళ్లతోనూ నలిపించాడు. బొంబాయి రవ్వ కన్నా బాగా సన్నం, గోధుమపిండి కన్నా కాస్త గరుకు. "ఈ చిల్లులకి ఇది" అన్నాడు. ఇంటికొచ్చి వేస్తే కాస్త తొందరగా దిగి పల్చగా ఉంది. మళ్లీ నెల వెళ్లగానే తనే అడిగాడు, "పోయినసారి పొడి ఎలా దిగిందమ్మా?" అని. పల్చగా వచ్చిందంటే మర ఇంకొంచెం బిగించాడు. అంతే, అప్పట్నుంచి ఇంట్లో డికాక్షను గురించి మాట రాలేదు.

మావయ్య: అది మంచి కొట్టు. అందరూ అలా అడగరు.

చెల్లి: అందరూ అడగరని ఉన్న ఒక్కణ్ణీ వదిలేస్తామా? మీరూ నేనూ ఇంకో నలుగురూ మానేస్తే ఆ మర అమ్మేస్తాడు. ఆ తరవాత ఫిల్టరు పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలి?

మావయ్య: ఆయన ఆ రకంగా నిలబడతాడంటే సంతోషమే. ఇంకోటి అడుగుతాను. అరకు కాఫీ అని రాసిన డబ్బా ఉందా అక్కడ?

చెల్లి: ఉంది.

మావయ్య: అందులో ఉన్నది అరకుదేనా? అరకు వ్యాలీ అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంటే ఆ పేరు అక్కడ పండిన ఆ రకం కాఫీకే చెల్లుతుంది. అరబికాకి అని ప్రత్యేకంగా ఎందుకన్నానంటే, ఆ పేరు రాసి రొబస్టా కలిపి అమ్మితే అది ఆ కాఫీ కాదు. రొబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, చేదూ ఎక్కువ. నేను ఓ కొట్లో అడిగాను, "ఇది పాడేరుదా, చింతపల్లిదా? కడిగిన గింజా, పండుతోనే ఎండబెట్టినదా?" అని. "అరకు సార్, అరకు" అన్నాడు. అరకు అంటే ఆయనకి డబ్బా మీద చీటీ, అంతే. కొండ మీద సిల్వర్ ఓక్ నీడలో, మిరియం తీగల మధ్య కాఫీ పెంచే గిరిజన రైతు పేరు మీద ఎవరి గింజలో అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

చెల్లి: నాకూ మండుతుంది. కాని దానికి విరుగుడూ ఊళ్లోనే ఉంది కదా. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, దాని ప్రధాన కార్యాలయం విశాఖలోనే. రైతుల దగ్గర కొని, వాళ్ల దుకాణాల్లో అరకు కాఫీ అమ్ముతున్నారు. అదీ కొట్టే, పార్శిల్ కాదు. ఘాట్ రోడ్డు దిగితే మన ఊరికి వచ్చే గింజ ఎక్కడికో వెళ్లి, సంచీ మార్చుకుని, కొరియర్‌లో మళ్లీ మీ గుమ్మంలోకి రావడం మీకు బాగుందా?

మావయ్య: బాగోలేదు. తేదీ రాసి పంపుతున్నారు కాబట్టి ఓర్చుకుంటున్నాను.

చెల్లి: సామాన్ల సంగతి కూడా చూడండి. నా మోకా పాట్ రబ్బరు రింగు ఎండిపోయి ఆవిరి పక్కల నుంచి తన్నుకొచ్చేది. పాత రింగు పట్టుకుని పూర్ణా మార్కెట్ దగ్గర ఓ సామాన్ల కొట్టుకి వెళ్లాను. సొరుగులోంచి రింగులు తీసి ఒక్కోటీ పాతదాని మీద పెట్టి చూసి, సరిపోయింది ఇచ్చాడు. కొత్తది కొనమని ఒక్క మాట అనలేదు.

మావయ్య: అది దేంతో చేసిన రింగు? మోకా పాట్‌లో నీళ్లు కాగి, ఆవిరి ఒత్తిడికి పైకెక్కుతాయి. తిండి సామానుకి పనికొచ్చే సిలికానేనా, ఏ పైపులకో వేసే రబ్బరా? మొదటిసారి కాఫీలో రబ్బరు వాసన రాలేదూ?

చెల్లి: ...వచ్చింది. రెండుసార్లు ఉత్త నీళ్లతో మరిగిస్తే పోయింది.

మావయ్య: వాసన పోతే సరుకు మంచిదైపోతుందా? రింగు మాత్రం మూడు కప్పులదో, ఆరు కప్పులదో చూసుకుని ఆ కంపెనీదే తెప్పించుకో.

చెల్లి: సరే, రింగు మీకు వదిలేస్తాను. వీ60 కాగితాలు కూడా, అంటే గరాటు లాంటి కాఫీ ఫిల్టరులో వేసే వడపోత కాగితాలు. ఓసారి కొట్లో అడిగితే అడుగు చదునుగా ఉండే కాగితాలు ఇచ్చి, ఇవే సరిపోతాయన్నాడు. అవి ఆ గరాటులో నిలబడవు. మన ఊళ్లో ఇంకా నలుగురు అడగని సరుకు అది, తప్పు పట్టను. కాని గింజలూ పొడీ ఫిల్టరూ మాత్రం కొట్టువే.

మావయ్య: బిల్లు లేకుండానా? బిల్లుంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చెప్పొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉన్న జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, కంపెనీ ఎక్కడున్నా సరే. నా పార్శిల్‌కి బిల్లు దానంతటదే వస్తుంది. కొట్లో అడిగితే "పావుకిలో పొడికి బిల్లేంటి సార్" అంటారు.

చెల్లి: నేను అడిగి తీసుకుంటాను.

మావయ్య: అయితే ఈ ఆదివారం మూడు అడుగు. బిల్లు మీద చికోరీ శాతం రాయమను. సున్నా అయితే సున్నా అని రాయమను. గింజలు ఎప్పుడు వేయించారో డబ్బా మీద చీటీ అంటించమను. అరకుదని అమ్మేది ఎవరి దగ్గర కొన్నాడో చెప్పమను. మూడింటికీ ఒప్పుకుంటే పావుకిలో నా లెక్కలో పట్టించుకురా.

చెల్లి: రెండింటికే ఒప్పుకుంటే?

మావయ్య: ఏ రెండో చెప్పు, అప్పుడు మాట్లాడదాం. తేదీ చీటీ లేకుండా మాత్రం నాకొద్దు.

చెల్లి: నన్నడిగితే ముందు చికోరీ సంగతే తేలాలి. తేదీ చీటీ అలవాటు చేయడానికి టైం పడుతుంది, ఆయన ఇంతవరకూ ఎవరూ అడగ్గా వినలేదు.

మావయ్య: అందుకే నువ్వు అడగాలి.