5 శాతం గ్యారంటీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ గ్యారంటీ గారికి,

రైలు గురించి రాసినవాళ్లంతా పొగ చూశారు, కూత విన్నారు. మిమ్మల్ని చూసినవాళ్లు తక్కువ. 1849లో ఈస్టిండియా కంపెనీ రైలు ఒప్పందాల్లో, వాటాదారు పెట్టుబడికి ఏటా 5 శాతం రాబడి సర్కారు పూచీ అనే షరతుగా పుట్టి, చక్రాలు లేకుండానే 20 ఏళ్లు పరుగెత్తారు.

మీ లెక్క చిన్నదే. లండన్‌లో ఒక దొర రైలు వాటాల్లో 100 పెడతాడు. లైను 3 సంపాదిస్తే తక్కిన 2 మన ఖజానా నింపాలి. ఆ ఖజానాకు పెద్ద ఆధారం రైతు శిస్తు. లైను 7 సంపాదిస్తే? పైన మిగిలిన 2లో సగం పాత బాకీకి జమ, సగం మళ్లీ దొరకే. భూమి 99 ఏళ్లు ఉచితం. గిట్టకపోతే 6 నెలల నోటీసిచ్చి, లైను సర్కారు నెత్తిన పెట్టి, అసలు పట్టుకుపోవచ్చు. కొత్తల్లుడికి కూడా ఏ మామా ఇంత రాసివ్వడు.

ఇక పొదుపెవడిక్కావాలి? వంతెన ఖర్చు పెరిగితే దాని మీద మీ 5 శాతమూ పెరిగేది. మన దేశపు పద్దులు చూసి వెళ్లిన మాసీ దొరే 1872లో పార్లమెంటు కమిటీ ముందు ఒప్పుకున్నాడు: వడ్డీ ఖాయమయ్యాక, తన సొమ్ము హుగ్లీ నదిలో పోసినా ఇటుకా సున్నం చేసినా వాటాదారుకు ఒకటేనట. దొరతనపు సాహిత్యంలో ఇంత నిజాయితీ గల వాక్యం అరుదు.

ఇంగ్లీషు కథకుడు కిప్లింగ్ 1893లో గంగ మీద వంతెన కథ రాశాడు. అందులో వరద ఉంది, కలరా ఉంది, దేవతల పంచాయితీ ఉంది. మీరు లేరు. గాంధీ 1909లో ‘హింద్ స్వరాజ్’లో రైళ్లు ప్లేగును మోస్తున్నాయనీ, ధాన్యాన్ని ధర పలికే చోటికి తోలి కరువు పెంచుతున్నాయనీ మండిపడ్డాడు (రాసింది స్టీమరులో కూర్చుని, అది వేరే సంగతి). ఆయన పట్టుకున్నది ఇంజనునే, మిమ్మల్ని కాదు. మీ దాకా వచ్చినవాడు మన దేశపు ఆర్థిక చరిత్ర రాసిన రమేశ్ చంద్ర దత్తు. కాలువలకు చిల్లర విదిల్చి పట్టాలకు మూటలు విప్పారని ఆయన సర్కారు లెక్కల్లోంచే తీసి చూపించాడు.

1907లో చిలకమర్తి వారు భరతఖండాన్ని పాడియావన్నారు, మనల్ని మూతి బిగించిన లేగదూడలన్నారు, తెల్లవారిని గడుసరి గొల్లలన్నారు. ఆ పద్యంలో పాలు పితికే చెయ్యి కనిపిస్తుంది. ఆవు వట్టిపోయినా చెంబు నిండాలని పత్రం రాయించుకున్నది మీరు.

1869లో మీకు చెల్లుచీటీ ఇచ్చామన్నారు సర్కారు వారు. 1880 దాటగానే మీరు వడ్డీ కాస్త తగ్గించుకుని, కొత్త కంపెనీల వెంట మళ్లీ దిగారు. ఈలోగా రూపాయి పడిపోయింది, పౌన్లలో కట్టే వడ్డీకి మరిన్ని రూపాయలు పోయాయి.

మూతికి చిక్కం ఉంది, ఇంతకన్నా రాయలేను.

ఇట్లు,
లేగదూడ