కోపానికీ కులం ఉందా?

ఎక్కడ ఘోరం జరిగినా గంట తిరక్కుండానే వాట్సాప్ గ్రూపుల్లో తీర్పు వచ్చేస్తోంది: ‘ఎన్‌కౌంటర్ చేసేయండి’. నల్లగొండలో, పాలమూరులో ఇది మామూలైపోయింది. శాసనసభలో చట్టాలు చేసే పెద్దలు కూడా మైకు కనిపిస్తే అదే అందుకుంటున్నారు.

2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు (యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య) నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చేస్తే జనం పూలు చల్లారు, టపాసులు పేల్చారు. ఆ ఎదురుకాల్పుల కథ నమ్మదగ్గది కాదని, చంపాలనే కాల్చారని, పదిమంది పోలీసులపై హత్య కేసు విచారణ జరగాలని సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ తేల్చింది. చనిపోయిన వాళ్లలో ముగ్గురు మైనర్లని కూడా చెప్పింది. 2022లో బయటికొచ్చిన ఆ నివేదికను పూలు చల్లినవాళ్లలో ఎందరు తిరగేశారు?

చటాన్‌పల్లి కాల్పులకు ఏడాది ముందు, 2018 సెప్టెంబర్‌లో మిర్యాలగూడలో ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి గేటు దగ్గర, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే వెనక నుంచి నరికారు. చంపించింది ఆ భార్య తండ్రే అని పోలీసులు తేల్చాక, ఎన్‌కౌంటర్ కేకలు ఎందుకు వినపడలేదు? పైగా ‘కన్నతండ్రి బాధ’ అంటూ సోషల్ మీడియాలో సానుభూతి పొంగింది. చటాన్‌పల్లిలో చచ్చినవాళ్లు పేదింటి పిల్లలు. ఇక్కడ నిందితుడు డబ్బున్న పెద్దమనిషి. తేడా అంతే.

అహంకారం, జిత్తులమారితనం, జాలిలేనితనం మూడింటినీ కలిపి మనస్తత్వ శాస్త్రవేత్తలు 2002లో ‘డార్క్ ట్రయాడ్’ అన్నారు. ఎదుటివాడి బాధ చూసి ఆనందించే గుణాన్ని తర్వాత నాలుగోదిగా చేర్చారు. ఇలాంటి గుణాలకూ కఠిన శిక్షల మీది మోజుకూ ఉన్న సంబంధాన్ని పరిశోధకులు వెతుకుతున్నారు. ఉరి కోరినవాళ్లంతా శాడిస్టులని కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ‘చంపేయండి’ అంటే అది కడుపుకోత, దాన్ని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. టపాసులు కొన్నవాళ్ల సంగతి వేరు. ఇక ఎదుటివారి మనసు చదవగలగడం దానంతటదే మంచితనమూ కాదు. జనం కడుపుమంటను మన నాయకులంత బాగా చదివేవాళ్లెవరు? చదివేది చల్లార్చడానికి కాదు, ఎగదోయడానికి.

కోర్టుల్లో ఏళ్లు పడుతుంది కదా అంటారు. నిజమే. మిర్యాలగూడ కేసుకూ ఆరున్నరేళ్లు పట్టింది. కానీ సాక్షులు నిలబడ్డారు, 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆలస్యమే మీ బాధైతే జడ్జీల ఖాళీల మీద, ఫోరెన్సిక్ ల్యాబుల మీద ధర్నా చేయండి. ఎవరూ చేయరు. అక్కడ పూలు చల్లే అవకాశం ఉండదు మరి.

ఈసారి ‘కాల్చిపారేయాలి’ అన్న ఎమ్మెల్యేను విలేకరులు ఒక్కటే అడగాలి: నిందితుడు మీ పార్టీ మండల అధ్యక్షుడి కొడుకైనా ఇదే మాటంటారా సార్? నీళ్లు నమిలితే అక్కడికక్కడే మైకు తీసేయండి.