గుంతలో చెప్పు

మా ఇంటి ముందు రోడ్డుకి గుంత పడి ఏడాది దాటింది. ఇంటి మనిషిలా అలవాటైపోయింది. దాని దగ్గరికి రాగానే నా చేతులు వాటంతటవే హ్యాండిల్ పక్కకి తిప్పేవి. మొన్న అకాల వాన కురిసి, నీళ్లు నిండి, గుంత ఏదో రోడ్డేదో తెలియకుండా పోయింది. స్కూటర్ ముందు చక్రం తిన్నగా అందులో దిగింది. వెనకే నేనూ దిగాను. పైకి తేలింది స్కూటరు, నేను, నా కుడి చెప్పు. ఎడమది రాలేదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి దేవితే ఇటుక ముక్క దొరికింది.

ఆ ఊపులోనే నగరపాలక సంస్థ ఆఫీసుకి ఒంటి చెప్పుతో వెళ్లాను. సాక్ష్యం ఉండాలి కదా.

అక్కడున్న పెద్దాయన నా కాళ్లకేసి చూసి, "గుంతా?" అన్నారు.

"ఔనండీ. నిన్న ఫౌంటెన్ ప్రారంభించారు. దానికున్న డబ్బు గుంతకి లేదా?"

"ఫౌంటెన్‌ది మూలధన పద్దు సార్, కొత్తవి కట్టడానికి. గుంతది రెవెన్యూ పద్దు, రోజువారీ ఖర్చులకి. ఫౌంటెన్ కోసమని ఇచ్చిన గ్రాంటు గుంతలో పోస్తే, ఆడిట్ వాళ్లు నన్ను పోస్తారు అందులో."

మరి రెవెన్యూ పద్దులో ఏముందని అడిగాను. ఆయన వేళ్లు మడవడం మొదలుపెట్టారు. జీతాలు, పింఛన్లు, చెత్త ఎత్తడం, నీళ్ల పంపుల కరెంటు బిల్లు. చిటికెన వేలు మిగిలింది. "ఇది మరమ్మతులు. లెక్క కుదరకపోతే ముందు దీన్నే కోస్తాం. జీతం ఆపితే మనిషి ధర్నా చేస్తాడు, రోడ్డు చెయ్యదుగా."

"ఇలాగే వదిలేస్తే రేపు రోడ్డు మొత్తం పోతుంది కదండీ!"

ఆయన మొహం వెలిగింది. "అప్పుడు కొత్త రోడ్డు సార్! మూలధన పద్దులోకి వస్తుంది. గ్రాంటు అడగొచ్చు."

అంటే మా గుంత బాగుపడాలంటే ముందు బాగా పెరగాలన్నమాట.

ఏదో ఒక ఆస్తి లీజుకిచ్చెయ్యమన్నాను. పెద్దాయన పేపరు బాగా చదివే రకంలా ఉన్నారు. "షికాగో వాళ్లు 2008లో పార్కింగ్ మీటర్లు 75 ఏళ్లకి రాసిచ్చేశారు. సుమారు 115 కోట్ల డాలర్లొచ్చాయి. కొన్నేళ్లలోనే చాలామటుకు బడ్జెట్ లోటు మింగేసింది. మీటర్లు మాత్రం మనవల కాలానికి గాని తిరిగిరావు."

"పోనీ అప్పు?"

"1975లో న్యూయార్క్ అంతటి ఊరే అప్పులతో దివాలా అంచుదాకా వెళ్లొచ్చింది. డెట్రాయిట్ అయితే 2013లో దివాలా పిటిషనే వేసింది. అప్పట్లో అక్కడ వీధి దీపాల్లో సుమారు 40 శాతం వెలిగేవి కావట. మీ గుంత నయం, వెలుతురులో ఉంది."

"ఇంతకీ ఏం చెయ్యాలంటారు?"

"సొంత ఆదాయం పెరగాలి. ఆస్తి పన్ను బకాయిలు వసూలైతే సగం టెన్షన్ తీరుతుంది."

నాకు ఆవేశం వచ్చింది. "ముక్కు పిండి వసూలు చెయ్యండి! ఇలాంటి వాళ్ల వల్లే కదండీ ఊరిలా తగలడింది!"

"నిజమే సార్. ఫిర్యాదు రాసుకుంటాను, ఇంటి నంబరు చెప్పండి" అంటూ కంప్యూటర్లో కొట్టారు. కాసేపు అందులోకి చూసి, స్క్రీన్ నావైపు తిప్పారు. మూడేళ్ల బకాయి, వడ్డీతో సహా.

ఎగ్గొట్టాలని కాదు. ఎన్నికల ముందు వడ్డీ మాఫీ ప్రకటిస్తారని ఆగాను. కిందటిసారి అలాగే ప్రకటించారు. అప్పుడు గడువులోగా కట్టేసిన పాపానికి మా ఆవిడ నెల్లాళ్లు నన్ను "అమాయకుడు" అంది.

పెద్దాయన ఏమీ అనలేదు. నా ముక్కుకేసి చూశారంతే.

కట్టేశాను.

నాలుగో రోజున లారీ వచ్చింది. ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా ఖర్చు పెట్టకపోతే నిధులు మురిగిపోతాయని కాబోలు, పొద్దుటే గుంత పూడ్చేశారు. నా పన్ను మహిమేనని వీధిలో నలుగురికీ చెప్పుకున్నాను. దగ్గరికెళ్లి చూస్తే తారులోంచి వేలెడు పట్టీ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. నా ఎడమ చెప్పుదే. లాగి చూశాను, రాలేదు. ఇక ఒంటి చెప్పు ఎందుకని కుడిది చెత్తబండిలో వేసేశాను.

వారం తిరక్కుండా పైపు లీకవుతోందని నీటి సరఫరా వాళ్లొచ్చి సరిగ్గా అక్కడే తవ్వారు. వాళ్లది వేరే పద్దట. సాయంత్రం ఓ కుర్రాడు గేటు దగ్గర నిలబడి, తారు అంటిన చెప్పు పైకెత్తి చూపించాడు.

"దొరికింది సార్! రెండోది ఉందిగా?"